స్టీలు తీగే కదా అనుకున్నాడు: ఒక వేప్ కాయిల్ కేసు

నవంబరు, శనివారం సాయంత్రం. షట్టరు సగం దించాక ఒక తమ్ముడు వంగి లోపలికి వచ్చాడు. చేతి రుమాలులో చుట్టిన ఇత్తడి గొట్టాన్ని కౌంటరు మీద పెట్టి, “అన్నా, ఇది కాలిపోతోంది. కోటు జేబులో పెట్టుకుంటే నడుం దగ్గర చుర్రుమంది. బస్సు దిగేసి నడిచొచ్చాను” అన్నాడు.

రుమాలు విప్పి వేలు ఆనించాను. పొయ్యి మీంచి అప్పుడే దించిన టీ గిన్నెను తాకినట్టుంది. మాటలు తర్వాత అనుకుని అడుగు మూత తిప్పి బ్యాటరీని బయటికి జార్చాను. మా దగ్గర సగం ఇసుక పోసిన స్టీలు డబ్బా ఒకటి ఎప్పుడూ ఉంటుంది. అందులో పడేసి, డబ్బాను వెనక గుమ్మం బయట గచ్చు మీద పెట్టి, పావుగంట సేపు ఇద్దరం దూరంగా నిలబడి అటే చూశాం. పొగ రాలేదు, బుస్సుమనలేదు. మెల్లగా చల్లారింది. లిథియం బ్యాటరీ వేడెక్కడం మొదలుపెడితే ఒక హద్దు దాటాక దాని వేడి దానికే ఆజ్యం పోస్తుంది, ఇక ఎవరూ ఆపలేరు. ఆ హద్దు దాటకముందే బయటికి తీశాం, అంతే.

నేను ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఒక వేప్ షాపులో రిపేరు బల్ల దగ్గర పనిచేస్తాను. వేప్ అంటే ఈ-సిగరెట్: బ్యాటరీ కరెంటుకు కాయిల్, అంటే తీగ చుట్ట, వేడెక్కి దూది పీల్చుకున్న నికోటిన్ లిక్విడ్‌ను ఆవిరి చేస్తుంది. ఇక్కడికి రాకముందు ఆరేళ్లు హైదరాబాద్ బాలానగర్‌లో ఓవెన్లకూ ఫర్నేసులకూ హీటర్ కాయిళ్లు చుట్టాను. అప్పుడూ ఇప్పుడూ చేతిలో ఉన్నది అదే తీగ, అదే ఓం సూత్రం. సిగరెట్ మానడానికి వేప్ పట్టుకున్న పెద్దవాళ్లను, అందులోనూ కాయిల్ సొంతంగా చుట్టుకునేవాళ్లను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. పొగ అలవాటే లేనివాళ్లు దీని జోలికి రావాల్సిన పనే లేదు.

కేసు చరిత్ర

ఆ పావుగంటలోనే అతను మొత్తం చెప్పాడు. ఖమ్మం వైపు అబ్బాయి, ముప్పై నాలుగేళ్లు, గోదాములో రాత్రి షిఫ్టు. పన్నెండేళ్లు రోజుకో పెట్టె సిగరెట్లు తాగాడు. భార్యకు నెల తప్పిందని తెలిసిన రోజు మానేస్తానని మాటిచ్చి, వేప్ సాయంతో నిజంగానే మానేశాడు. నా దగ్గరికి వచ్చేనాటికి 14 నెలలుగా ఒక్క సిగరెట్ ముట్టలేదు. ఇది చిన్న విషయం కాదు. తర్వాత నేను తీసుకున్న ప్రతి నిర్ణయంలో ఆ 14 నెలలను కాపాడాలన్న ఆలోచన ఉంది.

మొదట పెన్ లాంటి చిన్న పరికరం వాడాడు. రూమ్మేట్ ఇండియా వెళ్లిపోతూ ఇత్తడి మెక్ మాడ్‌నూ దాని మీద బిగించే డ్రిప్పర్‌నూ (కాయిల్, దూది ఉండే పైభాగం) చవగ్గా ఇచ్చాడు. మెక్ మాడ్ అంటే తెలియనివాళ్ల కోసం: అదొక లోహపు గొట్టం. లోపల 18650 అనే రకం లిథియం బ్యాటరీ ఒకటి, అడుగున ఒక మీట, పైన కాయిల్. నొక్కితే బ్యాటరీలో ఉన్న కరెంటంతా నేరుగా కాయిల్‌లోకి పోతుంది. మధ్యలో చిప్పు లేదు, ఫ్యూజు లేదు, ‘చాలు ఆపు’ అనేదేదీ లేదు. వీడియోలు చూసి కాయిల్ చుట్టడం నేర్చుకుని తొమ్మిది నెలలు కాంతల్ అనే హీటర్ తీగతో ఏ గొడవా లేకుండా వాడుకున్నాడు.

పది రోజుల క్రితం తీగ మార్చాడు. ఎందుకు మార్చావని అడిగితే, “మా ఆవిడ అడిగిందన్నా, రోజంతా పీలుస్తున్నావు, ఆ తీగ ఏం లోహమో ఎప్పుడైనా చూశావా అని. చూస్తే కాంతల్‌లో అల్యూమినియం ఉందట. నిక్రోమ్‌లో నికెల్. ఈ రెండూ వద్దనుకున్నా. స్టీలు గిన్నెలో పప్పు వండుకుని తింటున్నాం కదా, స్టీలుకు మించిన సేఫ్ ఏముంటుంది అనుకున్నా” అన్నాడు.

ఆ స్టీలు తీగ ఎక్కడ కొన్నావని అడగబోయి ఆగిపోయాను. గుర్తొచ్చింది. అమ్మింది నేనే. పది రోజుల క్రితం ఇదే కౌంటరు ముందు నిలబడి, “అన్నా, స్టీలు వైరు ఉందా, 26 గేజ్” అన్నాడు. ఉంది తమ్ముడూ అని చుట్ట తీసిచ్చి డబ్బులు తీసుకున్నాను. దేనిలో వేస్తావని అడగలేదు. ఒక్క ప్రశ్న. అది అడిగుంటే ఈ కేసే ఉండేది కాదు.

బల్ల మీద ఏం కనిపించింది

చల్లారాక బ్యాటరీని లాంపు కింద తిప్పి చూశాను. పాజిటివ్ కొస దగ్గర పైన ఉండే ప్లాస్టిక్ తొడుగు గోరుతో గీకినట్టు రెండు మిల్లీమీటర్ల మేర చిరిగి ఉంది, చుట్టూ టీ మరక రంగు. ఆ తొడుగు అందానికి వేసింది కాదు. 18650 బ్యాటరీ డబ్బా గోడంతా నెగటివే. పైన బొడిపె మాత్రమే పాజిటివ్. ఈ రెంటి మధ్య కాగితం పల్చన ఉన్న ఒక వలయం, ఆ తొడుగు తప్ప ఇంకేమీ లేదు. తొడుగు చిరిగిన బ్యాటరీని ఇత్తడి గొట్టంలో వేస్తే ఎక్కడో ఒకచోట షార్ట్ అయ్యే రోజు వస్తుంది.

బ్యాటరీ మీద 40 ఆంపియర్లు అని పెద్ద అక్షరాల్లో రాసి ఉంది. తయారీదారు ఎవరో తెలియని సెల్‌కు కొత్త తొడుగు తొడిగి, నచ్చిన అంకె ముద్రించి అమ్మే సరుకు చాలా ఉంటుంది. మంచి 18650 సెల్‌లలో నేను నమ్మి వాడేవి నిరంతరం 20 ఆంపియర్ల దాకా ఇవ్వగలవు, 25 ఇచ్చేవి తక్కువ. 40 అని రాసి ఉంటే ఆ అంకెను కాదు, ఆ అమ్మకందారునే అనుమానించాలి. నా టెస్టర్‌లో పెడితే దాని అంతర్గత నిరోధం 70 మిల్లీఓంలు చూపించింది. ఈ రకం సెల్ కొత్తగా ఉన్నప్పుడు ఇందులో సగం కూడా ఉండదు. ముసలిదైపోయింది.

తర్వాత అడుగు మీట. లోపలి స్ప్రింగు మెత్తబడి, నొక్కితే వెనక్కి రావడానికి బద్ధకిస్తోంది. వేడికి స్ప్రింగు కుంగితే మీట నొక్కుడుపడే ఉండిపోతుంది. జేబులో కాలింది అందుకే.

చివరికి డ్రిప్పర్ మూత తీశాను. రెండు కాయిళ్లు, పక్కపక్కన. చుట్టిన తీరు చూసి నిజంగా ముచ్చటేసింది. మూడు మిల్లీమీటర్ల కడ్డీ మీద ఆరేసి చుట్లు, చుట్టుకు చుట్టు ఒరుసుకుని, కాళ్లు సమానంగా. దూది మాత్రం చివర్లలో మాడి గోధుమరంగుకు తిరిగింది. మీటర్‌కు తగిలిస్తే 0.21 ఓం.

“ముందు కాంతల్‌తో ఎన్ని చుట్లు వేసేవాడివి?”

“ఇవే అన్నా. ఆరు, ఆరు. ఇదే కడ్డీ, ఇదే గేజ్. ఏమీ మార్చలేదు, తీగ తప్ప.”

కేసంతా ఆ ఒక్క మాటలో ఉంది.

లెక్క

26 గేజ్ తీగ మందం 0.405 మిల్లీమీటర్లు. ఆ మందంలో కాంతల్ ఏ1 మీటరు పొడవు తీసుకుంటే సుమారు 11.2 ఓంలు ఉంటుంది. అతను వేసిన ఎస్ఎస్ 316ఎల్ రకం స్టెయిన్‌లెస్ స్టీలు మీటరు తీసుకుంటే 5.8 ఓంలే. ఒక్కో కాయిల్‌కు కాళ్లతో కలిపి ఏడున్నర సెంటీమీటర్ల తీగ పడుతుంది. కాంతల్‌తో ఒక్కో కాయిల్ 0.84 ఓం, రెండూ సమాంతరంగా కలిస్తే 0.42. స్టీలుతో అదే ఆకారం, అదే మెరుపు, అదే చుట్లు, కానీ 0.21.

బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు 4.2 వోల్టులు. కాంతల్‌తో 4.2ని 0.42తో భాగిస్తే 10 ఆంపియర్లు, 42 వాట్లు. స్టీలుతో 20 ఆంపియర్లు, 84 వాట్లు. కంటికి ఏమీ మారలేదు. లోపల కరెంటు రెట్టింపైంది.

ఇది కాగితం మీద లెక్క, బ్యాటరీ సొంత నిరోధాన్ని లెక్కలోకి తీసుకోలేదు. తీసుకుంటే కథ ఇంకా దారుణంగా ఉంటుంది. ఆ ముసలి సెల్‌లోని 0.07 ఓంను కలిపితే కాంతల్‌తో అసలు పారేది 8.6 ఆంపియర్లు, స్టీలుతో 15. కరెంటు తగ్గింది కదా, మంచిదే కదా అనిపిస్తుంది. కాదు. తగ్గినదంతా బ్యాటరీ కడుపులో వేడిగా మిగిలింది. మొదటి దాంట్లో 5 వాట్లు, రెండో దాంట్లో దాదాపు 16 వాట్లు. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది, అందుకే రెట్టింపు కాకుండా మూడింతలైంది. సోల్డరింగు పని చేసినవాళ్లకు 15 వాట్ల సోల్డరింగు ఐరన్ ఎంత కాలుతుందో తెలుసు. అంత వేడి నీ బ్యాటరీ లోపల పుడుతోంది తమ్ముడూ అన్నాను. అతను కుర్చీలో కూర్చున్నాడు.

స్టీలు నిరోధం వేడెక్కుతున్న కొద్దీ కొంచెం పెరుగుతుంది, 200 డిగ్రీల తేడాకు 18 శాతం దాకా. కాబట్టి నొక్కి పట్టుకునే కొద్దీ కరెంటు కాస్త దిగుతుంది. అయినా నా లెక్క ఎప్పుడూ చల్లటి కాయిల్, నిండు బ్యాటరీ మీదే. మీట నొక్కిన మొదటి క్షణంలో పడే భారాన్ని బ్యాటరీ మోయగలగాలి.

అతనికి బాగా అర్థమైంది మాత్రం ఈ అంకెలతో కాదు. హాస్టల్లో కాయిల్ పొయ్యి వాడావా అని అడిగాను. వాడకుండా ఎవరున్నారు. మట్టి పలకలో గాడులు, గాడిలో స్ప్రింగులాంటి నిక్రోమ్ కాయిల్. అది మధ్యలో తెగితే కొత్తది కొనడానికి డబ్బుల్లేక తెగిన కొసలు రెండూ మెలేసి మళ్లీ గాడిలో కూర్చోబెట్టేవాళ్లం. తెగినప్పుడల్లా కాయిల్ కాస్త పొట్టిదయ్యేది. పొట్టిదయ్యే కొద్దీ ఎర్రగా మండేది, మ్యాగీ తొందరగా ఉడికేది, సంబరపడేవాళ్లం. ఒకరోజు ఫ్లోరంతా ఫ్యూజు పోయేది. “నువ్వు చేసింది అదే. తీగ తెంచలేదు, సగం నిరోధం ఉన్న తీగ వేశావు. తేడా ఏంటంటే హాస్టల్‌లో ఫ్యూజు ఉంది. నీ గొట్టంలో లేదు.”

మరి ఏ తీగ సేఫ్?

అతని అసలు ప్రశ్న ఇదే, న్యాయమైన ప్రశ్న. ఇక్కడ తొందరపడి ఒక పేరు చెప్పేస్తే నేను పది రోజుల క్రితం చేసిన తప్పే మళ్లీ చేసినట్టు.

ముందు స్టీలు సంగతి. మన వంటింటి గిన్నెలది ఎక్కువగా 18/8 రకం, అంటే 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్. 316ఎల్‌లో నికెల్ అంతకంటే ఎక్కువ, 10 నుంచి 14 శాతం. నికెల్‌కు భయపడి అతను పారిపోయి చేరింది నికెల్ ఉన్న తీగ దగ్గరికే. పైగా గిన్నెలో పప్పు నూరు డిగ్రీలు దాటి పెద్దగా పోదు, ఆ గిన్నె లావు మిల్లీమీటరు లెక్కన ఉంటుంది. ఇక్కడ వెంట్రుకల బాపతు తీగ క్షణంలో రెండొందల డిగ్రీలకు ఎక్కి, తీపి ద్రవంలో మునిగి లేస్తుంటుంది. గిన్నెతో పోలిక కుదరదు.

కాంతల్ అన్నది ఇనుము, క్రోమియం, అల్యూమినియం కలిసిన మిశ్రమం. స్వీడన్‌లోని హల్‌స్టాహామర్‌లో హాన్స్ వాన్ కాంట్‌జోవ్ కనిపెట్టాడు, 1931లో కంపెనీ పెట్టాడు, పేరూ అక్కడి నుంచే. ఏ1 రకంలో 22 శాతం క్రోమియం, 6 శాతానికి కాస్త తక్కువగా అల్యూమినియం. ఆ అల్యూమినియమే దాని బలం: తీగ మొదటిసారి ఎర్రబడ్డప్పుడు ఉపరితలం మీద అల్యూమినా పొర పుట్టి గట్టిగా అంటుకుంటుంది. కింది లోహాన్ని కాపాడేది అదే. నికెల్ కలపరు. చెవికమ్మ, గడియారం పట్టా, బెల్టు బకిల్ తగిలితే దద్దుర్లు వచ్చేవాళ్లకు నేను కాంతల్ తప్ప ఇంకోటి ఇవ్వను. నిరోధం ఎక్కువ కాబట్టి ఉన్న తీగల్లో కరెంటును బాగా అదుపులో ఉంచేదీ ఇదే. వేడెక్కినా నిరోధం దాదాపు మారదు. అందువల్ల నిరోధం మార్పును బట్టి ఉష్ణోగ్రతను కొలిచి ఆపే మోడ్‌కు పనికిరాదు, అదొక్కటే లోటు.

నిక్రోమ్ నా పాత నేస్తం. ఆల్బర్ట్ మార్ష్ 1906లో పేటెంటు పొందిన మిశ్రమం, 80 శాతం నికెల్, 20 శాతం క్రోమియం. వంగడానికి మెత్తగా ఉంటుంది, త్వరగా వేడెక్కుతుంది. బాలానగర్‌లో టన్నుల కొద్దీ చుట్టి ఉంటాను. కానీ అది ఓవెన్‌లో రొట్టె కాల్చడానికి. ఊపిరితిత్తుల దారిలో పెట్టాలంటే, ఎవరికి నికెల్ పడుతుందో ఎవరికి పడదో ముందే తెలియదు కాబట్టి, నేను సూచించను. అడిగితే ఇస్తాను, ఈ మాట చెప్పి ఇస్తాను.

టైటానియం, శుద్ధ నికెల్ ఉన్నాయి. ఈ రెంటి విషయంలో నేను గట్టిగా ఉంటాను. ఉష్ణోగ్రత అదుపు చేసే చిప్పు ఉన్న మాడ్‌లో తప్ప వాడకూడదు, ఎర్రగా కాల్చి చూడకూడదు. ఎవోల్వ్ కంపెనీ 2014లో తెచ్చిన డీఎన్ఏ 40 చిప్పుతో శుద్ధ నికెల్ తీగకు గిరాకీ పెరిగింది. దాని నిరోధం ఎంత తక్కువంటే 26 గేజ్‌లో మీటరుకు ఓం కూడా ఉండదు. అలాంటిది ఈ ఇత్తడి గొట్టంలో వేస్తే బ్యాటరీకి కాయిల్‌కూ షార్ట్ సర్క్యూట్‌కూ తేడా తెలియదు. టైటానియాన్ని గాలిలో ఎర్రగా కాలిస్తే తెల్లని ఆక్సైడు పొడి పడుతుంది. ఆ పొడిని దూది మీద చూసి బూడిదేమో అని తుడిచి వాడేసిన మనిషి ఒకసారి నా దగ్గరికి వచ్చాడు. కాయిల్ తీసి చెత్తలో వేశాను.

ఇంకో రకం తీగల గురించి చెప్పకుండా ఉండలేను. హార్డ్‌వేర్ షాపులో దొరికే బైండింగ్ వైరు, జీఐ తీగ, పేరూ ఊరూ లేని చుట్టలు. జీఐ తీగ మీద జింకు పూత ఉంటుంది, వేడికి అది ఆవిరవుతుంది. వెల్డింగు చేసేవాళ్లకు జింకు పొగ పీల్చిన రాత్రి వచ్చే చలిజ్వరం తెలుసు. దాన్ని నోట్లో పెట్టుకుని పీల్చడం ఊహించండి. మిశ్రమం పేరు, గేజ్, అమ్మిన చోటు ఈ మూడూ తెలియని తీగ కాయిల్‌గా చుట్టొద్దు.

ఏ తీగైనా లోహం ఎంతో కొంత లిక్విడ్‌లోకి చేరుతుంది. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం వాళ్లు 2018లో ప్రచురించిన అధ్యయనంలో సీసాలోని లిక్విడ్‌లో కంటే కాయిల్‌ను తాకాక వచ్చిన ఆవిరిలో సీసం, క్రోమియం, నికెల్ లాంటివి చాలా ఎక్కువగా కనిపించాయి. అందుకే తీగ ఎంపికతో పని అయిపోదు. నల్లబడ్డ కాయిల్‌ను పదేపదే ఎర్రగా కాల్చి, గీకి, నెలల తరబడి వాడటం నేను ఒప్పుకోను. కాస్త మసి పట్టగానే కొత్తది చుట్టుకోవాలి, తీగ ఖర్చు పెన్నీలే.

వేడి సంగతి వేరే. లిక్విడ్‌లోని ప్రొపిలీన్ గ్లైకాల్ 188 డిగ్రీల దగ్గర, గ్లిజరిన్ 290 దగ్గర మరుగుతాయి. దూది తడిగా ఉన్నంతసేపు కాయిల్ వేడి ఆ మరుగుడు దగ్గరే ఆగుతుంది. దూది ఎండితే ఆపేవాడు లేడు. గ్లిజరిన్ విరిగి అక్రోలిన్, ఫార్మాల్డిహైడ్ పుడతాయి, గొంతులో మాడిన వాసనతో మంట. అతని దూది చివరలు గోధుమరంగుకు తిరిగింది ఇందుకే. పెరిగిన వాట్ల వేగానికి దూది లిక్విడ్‌ను అందించలేకపోయింది. కాంతల్‌తో ఉన్నప్పుడు ఇలా మాడేదా అని అడిగితే, “లేదన్నా, పొగ ఎక్కువొస్తోందని స్టీలే బాగుందనుకున్నా” అన్నాడు.

ఏం చేశాం

ఆ రాత్రి చేసిన మొదటి పని మెక్ గొట్టాన్ని పక్కన పెట్టడం. అందులో తీగ మార్చి, బ్యాటరీ మార్చి మళ్లీ చేతికివ్వవచ్చు. ఇవ్వలేదు. కుంగిన స్ప్రింగు, రాత్రి షిఫ్టు, ఇంట్లో ఏడాది నిండని పాప. ఓం సూత్రం కంఠతా వచ్చినవాడికే ఆ గొట్టం, అదీ ఏమరుపాటు లేని రోజునే.

పాడ్ అనే చిన్న రెడీమేడ్ వేప్ తీసుకో, తయారు కాయిల్ వేసుకో, ఈ చుట్టుడు గొడవే వద్దు అని చెప్పాలా అని ఆలోచించాను. చాలామందికి అదే సరైన సలహా, రోజూ అదే చెబుతాను. కానీ ఇతనికి చేతిపని ఇష్టం. కాయిల్ చుట్టే ఆ పది నిమిషాలే తనకు సిగరెట్ గుర్తు రాకుండా చేస్తున్నాయని ముందే చెప్పాడు. అది లాగేస్తే 14 నెలలు ఏమవుతాయోనని భయం. కాబట్టి చుట్టుకోనిచ్చి, చుట్టూ కంచె వేశాను.

చిప్పు ఉన్న ఒక బ్యాటరీ మాడ్ ఇచ్చాం. షార్ట్ అయితే కరెంటు వదలదు, ఎక్కువసేపు నొక్కితే ఆగిపోతుంది. ఇలాంటి మాడ్‌లో బ్యాటరీ మీద పడే భారం కాయిల్ ఓంలను బట్టి కాదు, మనం పెట్టిన వాట్లను బట్టి. 20 వాట్లు పెడితే, బ్యాటరీ దిగిపోయే దశలో 3.2 వోల్టుల దగ్గర కూడా, చిప్పు నష్టంతో కలిపి 7 ఆంపియర్లు లాగుతుంది. 20 ఆంపియర్ల సెల్‌కు అది భారమే కాదు. కొత్త సెల్ పేరున్న తయారీదారుది, దానికొక ప్లాస్టిక్ పెట్టె. తాళాల గుత్తితో ఒకే జేబులో బ్యాటరీ వేయొద్దని ఆ పెట్టె మూతమీద నేనే తెలుగులో రాసిచ్చాను.

కాయిల్ అతని చేతే చుట్టించాను. కాంతల్ ఏ1, 26 గేజ్, మూడు మిల్లీమీటర్ల కడ్డీ, ఒకటే కాయిల్, ఏడు చుట్లు. మీటర్ 0.96 ఓం చూపించి కాసేపటికి 0.91కి దిగింది. అంకె ఊగుతోందంటే స్క్రూ వదులుగా ఉన్నట్టు, లేదా కాలు ఎక్కడో గోడకు తగులుతున్నట్టు. చూస్తే ఎడమ కాలి కొస వెంట్రుకవాసి పొడుగ్గా ఉండి పక్క గోడకు ఆనుతోంది. కటర్‌తో కత్తిరించి స్క్రూ బిగించాక 0.96 దగ్గర కదలకుండా నిలబడింది.

దూది పెట్టకముందు 10 వాట్ల మీద ఒక్కో సెకను చొప్పున నొక్కమన్నాను. మొదటిసారి కుడి కాలు ముందు ఎర్రబడింది. అది మంచిది కాదు, వేడంతా ఒకచోట చేరుతోంది. సిరామిక్ పట్టకారుతో కాయిల్‌ను మెల్లగా నొక్కి, చుట్ల మీద వీణ తీగ మీటినట్టు రెండుసార్లు గీకాడు. మళ్లీ నొక్కాడు. ఈసారి నడిమి చుట్టులో పుట్టిన ఎరుపు రెండు వైపులకూ సమానంగా పాకింది, తులసికోట దగ్గర దీపం వత్తి అంటుకున్నట్టు. చాలు, ఇంక కాల్చొద్దు అన్నాను. ఆ పొర కోసం కాల్చాం, వినోదానికి కాదు. నీళ్లలో కడిగి ఆరబెట్టి, దూది దోపి, 18 వాట్ల మీద మొదలుపెట్టాడు. రెండు పీల్పులు పీల్చి, “పొగ తక్కువుంది అన్నా, కానీ గొంతు మండట్లేదు” అన్నాడు.

పాత బ్యాటరీ రీసైక్లింగు డబ్బాలోకి వెళ్లింది. మిగిలిన స్టీలు తీగ చుట్టను డబ్బులు తిరిగిచ్చి వెనక్కి తీసుకుని, మీద అతని పేరు రాసి సొరుగులో వేశాను.

తర్వాత

రెండు వారాలకు వచ్చాడు. కాయిల్ 0.97, దూది తెల్లగా ఉంది, మాడ్ చేతికి గోరువెచ్చగా కూడా లేదు. జనవరిలో మళ్లీ వచ్చాడు, ఫిబ్రవరిలో చెల్లెలి పెళ్లికి ఖమ్మం వెళ్తున్నానని, ఈ మాడ్ సూట్‌కేసులో పెట్టుకోవచ్చా అని. వద్దన్నాను. సూట్‌కేసులో లిథియం బ్యాటరీ పెట్టనివ్వరన్నది ఒక సంగతి, అసలు సంగతి వేరే. మన దేశంలో 2019 నుంచి ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, రవాణా, నిల్వ అన్నీ నిషేధం. దిగుమతికైతే మొదటి తప్పుకే ఏడాది దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. చెల్లి పెళ్లికి వెళ్లి విమానాశ్రయంలో ఆ పంచాయితీ ఎందుకు. మూడు వారాలకు నికోటిన్ ప్యాచ్‌లు, చూయింగ్ గమ్ ఫార్మసీలో అడిగి తీసుకెళ్లాడు. పెళ్లిలో బావమరుదులు సిగరెట్ పెట్టె చాచినప్పుడు గమ్ నమిలానని, నోరు పులిసిపోయిందని తిరిగొచ్చాక చెప్పాడు. ముట్టలేదు.

ఏప్రిల్‌లో ఒకరోజు అతనే అడిగాడు, “అన్నా, ఈ మాడ్‌లో ఉష్ణోగ్రత అదుపు ఉంది కదా, స్టీలు తీగతో అది పనిచేస్తుందంట కదా?” ఆ ప్రశ్న విని నాకు చాలా సంతోషమేసింది. తీగ పేరు ఒక్కటే అడగలేదు, మాడ్‌తో కలిపి అడిగాడు. సొరుగు తెరిచి పాత చుట్ట తీశాను. అదే 316ఎల్, అదే 26 గేజ్. ఒకటే కాయిల్, ఏడు చుట్లు, 0.49 ఓం. కాయిల్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు ఆ అంకెను మాడ్‌లో లాక్ చేయించాను. వేడిగా ఉండగా లాక్ చేస్తే చిప్పు లెక్క తప్పి, చెప్పినదానికంటే ఎక్కువ వేడికి తీసుకెళ్తుంది. 210 డిగ్రీలు పెట్టాం.

చివరి పరీక్ష పొడి దూదిది. లిక్విడ్ చుక్క కూడా వేయకుండా, కొత్త దూది దోపి మీట నొక్కాలి. చిప్పు సరిగా పనిచేస్తే వేడి ఆ గీత దగ్గర ఆగుతుంది, దూది మాడదు. అతను నొక్కాడు. నవంబరులో అతని జేబు కాల్చిన తీగే అది. తెర మీద ఆగిందన్న గుర్తు పడింది. పట్టకారుతో దూది బయటికి లాగి లాంపు కింద పెట్టాడు. ఇద్దరం వంగి చూశాం. పెట్టినప్పుడు ఎంత తెల్లగా ఉందో అంత తెల్లగానే ఉంది.

ఇప్పుడు కౌంటరు దగ్గర ఎవరు తీగ అడిగినా చుట్ట చేతికిచ్చే ముందు, దేనిలో వేస్తున్నారు, ఏ బ్యాటరీ అని అడుగుతున్నాను. పక్కన కూర్చునే కుర్రాడికీ అదే నేర్పాను. గొట్టం అంటే ఆ రోజు తీగ అమ్మం, బల్ల దగ్గర కూర్చోబెట్టి మీటర్ తీస్తాం.